ఉక్కపోతను గెలిచే నేర్పు

సింగపూర్ ఫ్లాట్లలో బీరు పులియబెట్టుకునేవాళ్ల పనితనం మెచ్చుకోవాలంటే ముందు అక్కడి ఉక్కపోత తెలియాలి. పగలు 31, 32 డిగ్రీలు. రాత్రిళ్లు 24, 25. ఏల్ రకం బీరుకు కావలసింది 18 నుంచి 22. పైగా ఈస్టు చక్కెరను తింటూ తనే వేడి పుట్టిస్తుంది. డబ్బాలోని ద్రవం గది కంటే మరికొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. వేడి మితిమీరితే బీరులో అరటిపండు వాసన, గొంతు మండించే ఘాటు చేరతాయి.

రాయలసీమ ఎండలో కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లబడతాయి. గాలి నిండా తేమే ఉండే సింగపూర్‌లో ఆ ఉపాయం అంతగా పారదు. అందుకే వీళ్లు డబ్బాను నీళ్ల తొట్టిలో దించి, ఫ్రీజరులో గడ్డకట్టించిన నీళ్ల సీసాలను పొద్దునా రాత్రీ మారుస్తుంటారు. థర్మోకోల్ పెట్టె ఉంటే ఆ చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. డబ్బాకు అంటించిన చవక థర్మామీటరు పట్టీయే కొలమానం. రుచి చాలావరకు తేలేది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే కాబట్టి శ్రద్ధంతా అప్పుడే. పాత ఫ్రిజ్ దొరికితే, చల్లదనం చాలగానే కరెంటు ఆపేసే కంట్రోలర్ తగిలిస్తారు. కొందరు వేడితో పోరాటమే మానేసి, 30 డిగ్రీలు దాటినా రుచి చెడనివ్వని నార్వే పల్లెల క్వైక్ ఈస్టు తెప్పించుకుంటారు.

లైసెన్సు లేకుండా ఇంటికి నెలకు 30 లీటర్ల వరకే, అదీ సొంత వాడకానికే అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అమ్ముకోలేని సరుకు మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లను పనిమంతులనక ఏమంటాం?