స్ఫటికదీపం - ధ్వని : కాంతి, శబ్ద ప్రదర్శన రూపకల్పనపై ఒక విమర్శ

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో ఖిల్వత్ ముబారక్ అసఫ్‌జాహీల దర్బారు మందిరం. అక్కడి పాలరాతి తఖ్తు ఉన్న ఆ మందిరంలో 19 బెల్జియం స్ఫటిక షాండ్లియర్లు వేలాడుతుంటాయి. ప్రేక్షకుణ్ణి వెలుగు, శబ్దాల నడుమ నిలిపే ‘ఇమ్మర్సివ్’ ప్రదర్శనను ఇటువంటి చోట రూపొందించదలిస్తే పాటించవలసిన నియమాలేవి? ఈ ప్రశ్నకు సాంకేతిక నిపుణులతోపాటు సాహిత్య విమర్శకులూ సమాధానం చెప్పవలసి ఉంది.

మనకు అలవాటైన నమూనా 1952లో ఫ్రాన్సులోని షాంబోర్ కోటలో మొదలైన సౌండ్ అండ్ లైట్ షో. గోల్కొండలో మనం చూసేది ఆ కోవలోనిదే. ప్రేక్షకుడు కూర్చుంటాడు, కంఠం కథ చెబుతుంది, కథ ఏ గోడ దగ్గరకు వస్తే ఆ గోడ వెలుగుతుంది. శిథిలాలకు ఈ పద్ధతి కొంత నప్పుతుంది. లేని దర్బారును మాటే ఊహింపజేయాలి కదా. స్ఫటికదీపానికి మాత్రం ఇది నప్పదు.

కారణం పదార్థ స్వభావంలోనే ఉంది. సీసపు ఆక్సైడు కలిసిన గాజుకు వక్రీభవన గుణకం మామూలు గాజుకంటె ఎక్కువ. తెల్లని వెలుగును రంగులుగా విడదీసే గుణమూ ఎక్కువే. చూసేవాడు ఒక్క అడుగు జరిగితే అదే ముక్క మరో రంగుగా మెరుస్తుంది. కనుక దానికి కావలసినవి చిన్న తెల్లని దీపం, చుట్టూ చీకటి, నడిచే ప్రేక్షకుడు. నీలిరంగు ఎల్‌ఈడీ వెలుగును కుమ్మరిస్తే విడిపోవడానికి అందులో వేరే రంగే ఉండదు. స్ఫటికం నీలిగాజు ముక్కగా మిగులుతుంది, అంతే.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ప్రథమోద్ద్యోతంలో వాచ్యవ్యంగ్యాల సంబంధాన్ని దీపంతో పోల్చి వివరించాడు. వెలుగు కోరేవాడు దీపశిఖపట్ల శ్రద్ధ వహించినట్లే వ్యంగ్యార్థం కోరేవాడు వాచ్యంపట్ల శ్రద్ధ వహించాలన్నది ఆయన అభిప్రాయం. క్రమంగా స్ఫురించే వ్యంగ్యాన్ని అనుస్వానంతో, అంటే మోగిన గంటలో మిగిలే నాదం వంటిదానితో పోల్చడం కూడా ఆ గ్రంథంలో ఉంది. వెలుగూ శబ్దమూ రెండూ ఒకే సిద్ధాంతంలో ఉపమానాలు కావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, మన చర్చకు ఎంతో ఉపకరిస్తుంది. “ఎంతటి వైభవం!” అని కంఠం పలికిన క్షణంలోనే దీపాలన్నీ భగ్గుమంటే వ్యంగ్యానికి చోటేది? అది కేవలం పునరుక్తి. ఒక్క దీపమే వెలిగి, స్ఫటికాలు ఒకదానికొకటి తగిలిన చిరుసవ్వడి వినిపించి, అది పూర్తిగా అణగిన తరువాత నిచ్చెనెక్కి వాటిని ఒక్కొక్కటిగా తుడిచే మనిషి మాట వినిపిస్తే వైభవమూ, దాని వెనుకనున్న శ్రమా చెప్పకుండానే తెలుస్తాయి. గోల్కొండ ఫతే దర్వాజా వద్ద చరచిన చప్పట్లు బాలాహిస్సారు దాకా వినిపిస్తాయి. అంతటి సహజ శబ్దనిర్మాణం ఉన్నచోట లౌడ్‌స్పీకర్లదే పెత్తనం కావడం నాకు సమ్మతం కాదు.

మా పరవాడలో వెలుగంటే 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రం. ఇక్కడి విద్యార్థి షాండ్లియర్‌ను చూసి ముందు వాట్లెన్నని అడిగినా తప్పులేదు. ఆ ప్రశ్న కూడా దీపశిఖ గురించినదే. వ్యాఖ్యానపాఠం విషయంలో అలాంటి ప్రశ్న అడగవలసినవి తెలుగు శాఖలు. మరో భాషలో రాసి తెనిగించిన పాఠాల్లో విశేషణాలు పేరుకొని, వాక్యాలకు ఊపిరాడదు. పాఠాన్ని తెలుగులోనే రచించాలి. ఆ ప్రతిలో మాటల పక్కనే మౌనం ఎన్ని సెకన్లో కూడా రచయితే నిర్దేశించాలి.