ముందు నడిచే మనిషి

ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి గంగాడ్, ఓస్లా ఊళ్ల మీదుగా, దేవదారు అడవిలోంచి హర్ కీ దూన్ లోయకు దారి ఎక్కుతుంది. లోయ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ఆ దారిలో నడిపించే స్థానిక గైడ్ల పనితనమంటే నాకెంతో గౌరవం.

మంచి గైడ్ వేగంగా నడవడు. అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారిని తన వెనకే ఉంచుకుని, జట్టంతటినీ వాళ్ల అడుగుకు కుదురుస్తాడు. పొద్దున్నే బయల్దేరదీస్తాడు. ఎండ ముదిరితే మంచు కరిగి వాగులు పెరుగుతాయని అతనికి తెలుసు. రాత్రి ఎవరు సరిగా తినలేదో గమనిస్తాడు. తలనొప్పి, వికారం ముదిరి నడక తూలిందా, గమ్యం ఎంత దగ్గరున్నా కిందికి దింపేస్తాడు. ఎత్తువల్ల వచ్చే ఆ జబ్బుకు అసలు మందు దిగడమే. డబ్బిచ్చి వచ్చినవాళ్లకు ‘ఇక వద్దు’ అని చెప్పగలగడమే ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా గొప్ప.

పైగా ఆ ఊళ్లు అతనివి. ఎర్రగా పండిన తోటకూర గింజల చేలల్లో ఏ గట్టు మీద నడవాలో, ఏ గుడి మెట్లెక్కకూడదో, ఏ ఇంట్లో చాయ్ అడగొచ్చో అతనే చెప్పాలి. హైదరాబాద్, విశాఖల నుంచి స్వర్గారోహిణి శిఖరం చూడాలని వెళ్లే పిల్లలూ, గైడ్‌ది ఆ లోయేనా అని ముందే అడగండి.