తప్పెటగుళ్ళు: మనిషి ఒళ్ళే వాద్యం, ఒళ్ళే బొమ్మ

తప్పెటగుళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో యాదవులు తరతరాలుగా నిలుపుకొస్తున్న జానపద కళ. గొర్రెలు, మేకలు, పశువులే ఆధారమైన ఇళ్ళకు వానే బతుకు. వాన పడితేనే గడ్డి, గడ్డి ఉంటేనే మంద. అందుకే వర్షం కోసం, మంద క్షేమం కోసం గంగమ్మను కొలిచే ఆచారంతో ఈ ఆట పెనవేసుకుంది. సంక్రాంతికీ, గ్రామదేవతల జాతరలకూ దళాలు ఆడతాయి. దీనికి తెర అక్కర్లేదు, కట్టిన వేదిక అక్కర్లేదు. దేవుడైనా, గోపురమైనా ఆటగాళ్ళ ఒంటితోనే రూపం కట్టాలి.

ఒక్కో దళంలో సాధారణంగా 15 నుంచి 20 మంది మగవాళ్ళు ఉంటారు. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటను తాడుతో మెడకు తగిలించి రొమ్ము మీద బిగించుకుంటారు. పుల్లలతో కాక రెండు చేతులతోనే వాయిస్తారు. అరచేతి దెబ్బకు బరువైన మోత, వేళ్ళ కొసలకు సన్నని పలుకు వస్తాయి. వాద్యం రొమ్మును అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఎగిరినా, గిర్రున తిరిగినా, కూలబడి లేచినా దెబ్బ తప్పదు. కాళ్ళకు గజ్జెలు. మోకాళ్ళ పైదాకా ఉండే నిక్కరు, రంగుల బనియను కాళ్ళూ చేతులూ ఆడటానికి అడ్డు రాని ఉడుపులు.

గురువు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు వంత పాడుతూ అడుగు కలుపుతారు. కృష్ణలీలలు, రామాయణ ఘట్టాలు, గంగమ్మ కథ, సారంగధర వంటివి పాడతారు. మొదట అడుగు నిదానంగా ఉంటుంది. కథ బిగిసేకొద్దీ నడక పెరుగుతుంది, వలయం విచ్చుకుంటుంది, మళ్ళీ దగ్గరవుతుంది. పాట నోటిదే, తాళం చేతిదే, గజ్జె కాలిదే. ఈ మూడూ ఒకే మనిషిలో కలవాలి. ఆ మనిషి పక్కవాడితో కలవాలి. ఏళ్ళ తరబడి సాధన చేసేది ఈ పొందిక కోసమే.

ఈ ఆటలో జనం కళ్ళప్పగించి చూసే ఘట్టం మనుషులతో గోపురం కట్టడం. బలమైనవాళ్ళు కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని అడుగు వరసగా నిలుస్తారు. రెండో వరసవాళ్ళు వాళ్ళ తొడల మీద కాలు మోపి భుజాల మీదికి చేరతారు. అందరికంటే తేలికైనవాడు కొసన నిలబడతాడు. బరువు కింది వరసలో అందరికీ సమంగా పంచుకోవాలి. ఒక్క భుజం జారినా గోపురం నిలవదు. రూపం కుదరగానే అందరూ ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటారు. ఆ కాసేపూ చూసేవాళ్ళకు మనుషులు మాయమై గుడి గోపురం కనబడుతుంది. ఆ తర్వాత పై నుంచి వరసగా దిగి, మళ్ళీ వలయంలో కలిసిపోతారు.

కదలిక, నిలకడ, మళ్ళీ కదలిక: సినిమాలో బొమ్మను కొద్దికొద్దిగా కదిపి ఒక్కో ఫ్రేముగా తీసే స్టాప్ మోషన్ నడిచేదీ ఈ సూత్రం మీదే. బొమ్మకు బదులు మనిషినే కొద్దికొద్దిగా కదిపి, ఒక్కో భంగిమకు ఒక్కో ఫ్రేము తీసే పద్ధతిని పిక్సిలేషన్ అంటారు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన ‘నైబర్స్’ దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ. ఒక పువ్వు కోసం కొట్టుకునే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ కథ అది. నటులు పదేపదే ఎగురుతుంటే, గాలిలో ఉన్న క్షణాన్నే ఫ్రేముగా తీశారు. తెర మీద వాళ్ళు నేల తాకకుండా తేలిపోతున్నట్టు కనిపిస్తారు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది.

మ్యూజియంలో సందర్శకులే బొమ్మలై ఆడే స్టాప్ మోషన్ ప్రదర్శనకు తప్పెటగుళ్ళు చక్కగా అమరుతాయి. కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించాలి. పాదాలు ఎక్కడ ఉండాలో నేల మీద సుద్దముక్కతో గీయాలి. ఇంతకుముందు తీసిన ఫ్రేము తెర మీద మసకగా కనిపిస్తుంటే తర్వాతి భంగిమను ఎంత మార్చాలో తెలుస్తుంది. సెకనుకు 12 భంగిమల లెక్కన పది సెకన్ల ఆటకు 120 ఫ్రేములు కావాలి. పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కకుండానే, నేల మీద పడుకుని పై నుంచి కెమెరా పెట్టించుకుంటే గోపురం వరసవరసగా లేచినట్టు చూపవచ్చు. పడతామన్న భయం ఉండదు. అడుగు ఎక్కడ పడింది, చెయ్యి ఎంత లేచింది, ఎవరు ఎవరికి ఆసరా ఇచ్చారు అన్నది ఫ్రేము ఫ్రేముకూ విడివిడిగా తెలిసిపోతుంది. ఆట వేగంలో కంటికి అందని నేర్పు నిదానంగా బయటపడుతుంది.

అయితే కెమెరా అందుకోలేనివీ ఉన్నాయి. రొమ్ము మీద తప్పెట దెబ్బ ఒంట్లోకి దిగే అదురు, వంతలో గొంతు కలిపినప్పటి ఊపు ఫ్రేముల్లో దొరకవు. అవి గురువు పక్కన నిలబడి నేర్చుకోవలసినవే. కాబట్టి ఇలాంటి ప్రదర్శన ఎక్కడ పెట్టినా దళాలను పిలిపించి, గురువుల చేతనే భంగిమలు చెప్పించి, వాళ్ళ శ్రమకు తగిన ప్రతిఫలం ఇవ్వాలి. పదిమంది వేర్వేరు మనుషులు ఒకే లయకు లోబడి, ఒకరి బరువు ఒకరు మోసి, ఎవరికి వారు విడిగా చేయలేని రూపాన్ని కలిసి నిలబెట్టడం ఈ కళ నేర్పే విద్య. ఉత్తరాంధ్ర పల్లెలు దాన్ని ఇన్ని తరాలు చేతికిచ్చాయి. ఇక తర్వాతి తరానికి అందించే బాధ్యత బడులదీ, మ్యూజియాలదీ కూడా.