వీడియో కూర్పు సాధనములు – ఒక విమర్శ

ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు కాంతి వక్రీభవనమును గూర్చి పది నిమిషముల పాఠమును సెల్‌ఫోనుతో చిత్రించెననుకొనుడు. గాజుదిమ్మె, గుండుసూదులు, తెల్లకాగితముపై గీసిన గీతలు అన్నియు చక్కగా కనబడుచున్నవి. మధ్యలో రెండుసార్లు మాట తడబడినది. ఒకసారి బడిగంట మ్రోగినది. ఆ భాగములను తొలగించి, మిగిలినవానిని అతికినచో పాఠము సిద్ధమగును. పని ఇంతే. కాని పాఠశాల కంప్యూటరులో ఆ చిత్రమును తెరచినంతనే బొమ్మ ఆగి ఆగి నడచును; మాట ముందు, పెదవుల కదలిక వెనుక. కంప్యూటరు చాలదనియు, క్రొత్తది కొనవలెననియు నలుగురును సలహా నిత్తురు. ఈ సలహా ఎంతవరకు సమంజసము? వీడియో కూర్పు సాఫ్టువేరులో గడచిన యాభై ఏండ్లలో కలిగిన అభివృద్ధి నిజముగా ఎవరికి మేలు చేసినది? ఈ రెండు ప్రశ్నలును పరిశీలింపదగినవి.

కత్తెర నుండి డిస్కు వరకు

సినిమా ఫిల్మును కూర్చువారికి 1924 నుండి మూవియోలా అను యంత్రము తోడ్పడుచు వచ్చినది. ఫిల్మును కత్తిరించి అతుకుటలో శ్రమ యున్నను, ఒక గొప్ప సౌలభ్యము కలదు. ఏ ముక్కనైనను ఎప్పుడైనను తీసి మరియొకచోట చేర్చవచ్చును. 1956లో అమెరికాలోని ఆంపెక్సు సంస్థ వీడియో టేపు యంత్రమును వెలువరించినది. ఆ టేపు వెడల్పు 2 అంగుళములు. దానిపై బొమ్మలు కంటికి కనబడవు. అయస్కాంత చారలు మాత్రమే యుండును. కూర్పరులు సన్నని ఇనుపరజను కలిపిన ద్రవమును టేపుపై పూసి, చారలు బయటపడిన పిమ్మట సూక్ష్మదర్శినితో చూచుచు కోసెడివారు.

ఈ బాధ తప్పించుటకై టేపును కోయుట మాని, ఒక టేపునుండి మరియొక టేపునకు వరుసగా నకలు తీయు పద్ధతి వచ్చినది. దానితో మరియొక చిక్కు వచ్చిపడినది. అరగంట కార్యక్రమములో మూడవ నిమిషమున 5 సెకండ్లు తగ్గింపవలెనన్న, దాని తరువాతి భాగము నంతటిని మరల నకలు తీయవలసి వచ్చెడిది. అనగా క్రొత్త సాధనము వచ్చి, పాత ఫిల్మునకు గల స్వేచ్ఛను హరించినదన్నమాట.

పోయిన స్వేచ్ఛను తిరిగి తెచ్చుటకు జరిగిన తొలి యత్నము 1971 నాటి సి.ఎం.ఎక్స్. 600. సి.బి.యస్., మెమొరెక్సు సంస్థలు కలసి దీనిని నిర్మించినవి. ధర సుమారు 2,50,000 డాలర్లు. అయస్కాంత డిస్కులపై సుమారు అరగంట చిత్రము మాత్రమే పట్టెడిది. అదియు నలుపు తెలుపులలో, మసకగా. కూర్పరి ఆ మసకబొమ్మలను చూచి నిర్ణయములు చేసిన పిమ్మట, ఆ నిర్ణయముల పట్టిక ననుసరించి అసలు టేపులను వేరుగా కూర్చెడివారు. ఇచ్చట ఒక ముఖ్యసూత్రము కలదు. ఆలోచించుటకు మసకబొమ్మ చాలును. ముగింపునకు మాత్రమే మేలిబొమ్మ కావలెను.

1989లో అవిడ్ సంస్థ మాకింటోషు కంప్యూటరుపై పనిచేయు కూర్పు విధానమును ప్రదర్శించినది. 1991లో అడోబీ సంస్థ ప్రీమియరును విడుదల చేసినది. కంప్యూటరుపై కూర్చబడి, 1997లో కూర్పునకు ఆస్కారు బహుమతి నందిన మొదటి చిత్రము ‘ది ఇంగ్లీషు పేషెంట్’. దాని కూర్పరి వాల్టరు మర్చ్. ఇంతవరకు జరిగిన అభివృద్ధిని మెచ్చుకొనకుండ ఉండలేము. కోట్ల రూపాయల స్టూడియోలో మాత్రమే సాధ్యమైన పని బల్లమీదికి వచ్చినది.

లెక్క ఏమి చెప్పుచున్నది?

పాఠశాల కంప్యూటరు ఎందుకు తడబడుచున్నదో విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడవచ్చును. 4కె చిత్రములో అడ్డముగా 3840, నిలువుగా 2160 బిందువులుండును. మొత్తము 82,94,400. ఒక్కొక్క బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకు మూడు బైట్లు చొప్పున ఒక బొమ్మకు 2,48,83,200 బైట్లు. సెకండునకు 25 బొమ్మలు. అనగా సెకండునకు సుమారు 622 మెగాబైట్లు. ఈ లెక్కన ఒక గంట చిత్రమునకు 2 టెరాబైట్లకు పైగా చోటు కావలెను. ఇది ఏ ఫోనులోను పట్టదు. కనుక ఫోను దానిని కుదించి దాచుచున్నది. సెకండునకు 50 మెగాబిట్లు, అనగా ఆరుంబావు మెగాబైట్లు వ్రాసినచో, సమాచారము దాదాపు నూరవ వంతునకు దిగినదన్నమాట.

ఈ కుదింపు ఎట్లు జరుగును? తరగతిలో ఎవరెక్కడ కూర్చున్నారో ప్రతిదినము పూర్తిగా వ్రాయనక్కరలేదు. మొదటి దినము పూర్తి పటము గీసి, తరువాతి దినములలో ‘రెండవ బల్లపై ఒకరు లేరు, తక్కినది నిన్నటివలెనే’ అని వ్రాసిన చాలును. 2003 నాటి ఎచ్.264, 2013 నాటి ఎచ్.265 విధానములు ముఖ్యముగా ఇట్లే పనిచేయును. పుస్తకము చిన్నదగును. కాని పన్నెండవ దినమున ఎవరెక్కడ ఉన్నారని అడిగినచో, మొదటి దినము నుండి చదువుకొని రావలెను.

చిత్రమును మొదటినుండి చివరవరకు చూచువానికి ఇది బాధ కాదు. కూర్పరి పని అట్టిది కాదు. అతడు ముందునకు, వెనుకకు, మధ్యకు గెంతుచుండును. ఒక్కొక్క గెంతునకు కంప్యూటరు అనేక చిత్రములను విప్పవలెను. చూచువారి కొరకు రూపొందిన కుదింపును కూర్చువారిపై రుద్దుటయే ఈ తడబాటునకు మూలకారణము. డిస్కు వేగము కాదు. సెకండునకు ఆరుంబావు మెగాబైట్లను పాతకాలపు హార్డుడిస్కు కూడ సులభముగా అందింపగలదు. అయినను వేల మెగాబైట్ల వేగముగల డిస్కును కొన్నచో ఈ తడబాటు తీరునని చెప్పి అమ్ముచున్నారు. ఇది రోగమొకటి, మందొకటి.

యంత్రసామగ్రి: అవసరము, ఆడంబరము

కుదింపును విప్పుటకు ప్రత్యేక విద్యుద్వలయములను చిప్పులోనే అమర్చుట నిజమైన ప్రగతి. చిత్రమును కుదించుటకు కూడ ఇట్టివానిని 2011లో ఇంటెల్, 2012లో ఎన్‌విడియా తెచ్చినవి. 2010లో ప్రీమియరు ప్రో 64 బిట్ల విధానమునకు మారి, రంగుల దిద్దుబాటువంటి పనులను గ్రాఫిక్సు కార్డునకు అప్పగించినది. వేలకొలది బిందువులపై ఒకే లెక్కను ఒకేసారి చేయుటకు గ్రాఫిక్సు కార్డు మిక్కిలి తగినది. ఇందులో ఆక్షేపింప దగినది లేదు.

ఆక్షేపణ ఎచ్చటనన్న, ఖరీదు చూచి శక్తిని అంచనా వేయుమని కొనువారికి నేర్పుటలో. ఒక ఉదాహరణ చాలును. మంచి కెమేరాలు 4:2:2 అను పద్ధతిలో చిత్రించును. ఇందులో కాంతి సమాచారము ప్రతి బిందువునకును, రంగు సమాచారము ప్రతి రెండు బిందువులకు ఒకసారియు ఉండును. సామాన్యమైన 4:2:0 పద్ధతిలో రంగు నాలుగు బిందువులకు ఒకసారి మాత్రమే. ఎచ్.265లో కుదించిన 4:2:2 చిత్రములను విప్పు వలయములు 2021 నాటి ఇంటెల్ 11వ తరము ప్రాసెసర్లలోని చిత్రభాగములో ఉన్నవి. ఎన్‌విడియావారి కార్డులలో 2025 నాటి 50వ శ్రేణికి గాని ఆ సౌకర్యము రాలేదు. అంతకు ముందు ఎంతో ఖరీదైన కార్డును కొన్నవారికి ఈ ఒక్క పనిలో అది అక్కరకు రాలేదు. ప్రాసెసరుతో ఉచితముగా వచ్చిన భాగము అక్కరకు వచ్చినది. కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ‘ఎంత పెద్దది?’ అని కాదు. ‘ఈ కెమేరా ఇచ్చు చిత్రమును ఇది విప్పగలదా?’ అని.

అసలు కొనకుండనే గడచు దారి ఒకటి కలదు. 1971 నాటి సూత్రమే అది. 4కె చిత్రమునకు 1280 × 720 బిందువుల నకలు తీసినచో, బిందువులు సరిగా తొమ్మిదవ వంతగును. ప్రతి బొమ్మను విడిగా కుదించు పద్ధతిలో ఆ నకలును తీసినచో, వెనుకటి బొమ్మలను విప్పు పనియే యుండదు. దీనిని ప్రాక్సీ అందురు. కూర్పంతయు ప్రాక్సీపై చేసి, చివర అసలు చిత్రమునుండి ప్రతిని తీయవచ్చును. ప్రీమియరులో 2016లో ఈ సౌకర్యము చేరినది. ఉచితముగా లభించు కెడెన్‌లైవులో పెద్ద చిత్రములకు ప్రాక్సీ తనంతట తానే తయారగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఇంత మేలైన సాధనము పలు సాఫ్టువేరులలో మెనూల అడుగున దాగియుండుట విచారకరము. బలహీనమైన కంప్యూటరును గుర్తించి, సాఫ్టువేరే ముందుగా దీనిని సూచింపవలదా?

సాఫ్టువేరు గుణదోషములు

2011లో ఆపిల్ సంస్థ ఫైనల్ కట్ ప్రో ఎక్సును విడుదల చేసినది. వేగములో అది పాతదానికంటె ఎంతయో మేలు. కాని పాత సాఫ్టువేరులో చేసిన పనిని అది తెరువలేకపోయినది. పలు కెమేరాల చిత్రములను కలిపి కూర్చు సౌకర్యము 2012 జనవరిలో గాని రాలేదు. 2013లో అడోబీ సంస్థ, క్రొత్త సాఫ్టువేరును ఇక చందా పద్ధతిపైననే ఇత్తునని ప్రకటించినది. చందా ఆగిన దినమున కూర్పరి తన పాత పనిని తాను దిద్దుకొనలేడు. ఈ రెండింటిలోను దోషమొక్కటే: చేసిన పని చేసినవాని చేతిలో నిలువకపోవుట.

డావించి రిజాల్వు కథ దీనికి భిన్నమైనది. లక్షల డాలర్ల ఖరీదుచేసిన ఈ రంగుల దిద్దుబాటు విధానమును 2009లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ కొన్నది. 2011లో ఉచిత ప్రతి వెలువడినది. 2017లో పూర్తి ప్రతి ధర 299 డాలర్లకు దిగినది. అయితే 2022 నాటి 18వ ప్రతికి 16 గిగాబైట్ల జ్ఞాపకశక్తి కావలెననిరి. అందులోని ఫ్యూజను విభాగమును వాడినచో 32. సాఫ్టువేరు ఉచితమైనను, అది నడచు యంత్రము ఉచితము కాదు.

2023లో ప్రీమియరులో మరియొక వింత వచ్చినది. యంత్రము మాటలను అక్షరములుగా వ్రాసి చూపును. ఒక వాక్యమును కొట్టివేసినచో ఆ మేరకు చిత్రమును తెగిపోవును. సమావేశములకు, సంభాషణలకు ఇది ఉపయోగకరమే. కాని ఉపాధ్యాయుడు ప్రశ్న వేసి, పిల్లలు ఆలోచించుటకై నాలుగు క్షణములు ఊరకుండును. ఆ మౌనము పాఠములో భాగము. అక్షరములను మాత్రమే చూచి కోయువానికి అది ఖాళీగా కనబడును.

తెలుగు మాట

‘స్త్రీ’ అను అక్షరమును కంప్యూటరు ఆరు సంకేతములుగా దాచును: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. వీనిని కలిపి ఒక అక్షరముగా తీర్చునది సాఫ్టువేరు. తెలుగునకు యూనికోడులో స్థానము లభించినది 1991లో. ప్రీమియరు మొదటి ప్రతియు ఆ యేటిదే. అయినను పేర్లు వ్రాయుచోట ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, ‘శాస్త్రము’ అను మాట ముక్కలగుట తెలుగువారు చిరకాలము అనుభవించినదే. అందుచే పలువురు యూనికోడు కాని అను ఫాంట్ల నాశ్రయించిరి. ప్రీమియరు ప్రోలో దక్షిణాసియా లిపుల కొరకు ప్రత్యేకమైన ఎంపికను తరువాత చేర్చిరి. దానిని ఎన్నుకొన్నచో అక్షరములు కుదురును. మాటలను వ్రాసి చూపు సౌకర్యము 2021లో 13 భాషలతో వచ్చినపుడు వానిలో హిందీ ఉన్నది, తెలుగు లేదు. బిందువులు ఎనభై లక్షలు దాటినవి గాని, ఒక ఒత్తు కుదురుటకు ఏండ్లు పట్టినది. ఏది ముందు, ఏది వెనుక అను వివేకము ఇచ్చట లోపించినది.

కాబట్టి కూర్పు సాధనమును మూడు విధముల పరీక్షింపవలెను. ఉన్న కంప్యూటరుపై ప్రాక్సీతో నడచునా? నేడు చేసిన పనిని పదేండ్ల తరువాత తెరువ వీలగునా? తెలుగు అక్షరమును తెలుగు అక్షరముగా చూపునా? ఈ మూటికిని ఔనని సమాధానము వచ్చు సాధనము ఉచితమైనను గొప్పదే. రానిది ఎంత ఖరీదైనను కొరతగలదే. వక్రీభవన పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు క్రొత్త కంప్యూటరు కొనుటకు ముందు ప్రాక్సీ తీసి చూడవలెను. బడిగంట మ్రోగిన భాగమును కోయుటకు అది చాలును.