ఒత్తిడిమీద మోపిన నేరం

"సముద్రంలో లోతుకు దిగేవాని వ్యాధినిరోధక శక్తి నీటి ఒత్తిడికి నశిస్తుంది." ఇట్టి వాక్యాలు జనరంజక వ్యాసాలలో కనిపిస్తుంటవి. చదవడానికి సులభమే. కాని తరగతిలో చురుకైన విద్యార్థి లేచి "ఎట్లా?" అని అడిగితే, అందులో జవాబు లేదు.

వరంగల్లుకు సముద్రం దూరమే. అయినా దిగుడుబావిలో లోతుగా మునిగిన పిల్లవానికి చెవిపోటు తెలుసు. గాలి ఉన్నచోట కలిగే బాధ అది. నీరు నిండిన కణాలు అట్లా నలిగిపోవు. ద్రవాలు ఒత్తిడికి కుంచించుకొనడం బహుస్వల్పం గదా! 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున లెక్కకట్టి, తెల్లకణాలు చితికిపోతవని ఊహించరాదు.

మరి డైవర్లకు ఏమవుతుంది? విశాఖపట్నంలో హిందూస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన 'నిస్తార్' నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతుదాకా డైవర్లను పంపే ఏర్పాటు అందులో ఉన్నది. ఆ లోతున పీడనం సముద్రమట్టంలో కంటె 31 రెట్లు. అట్టి పనికి దిగేవారు రోజుల తరబడి అంత పీడనంగల ఇరుకు గదిలోనే కాపురం చేస్తూ, హీలియం కలిసిన ప్రాణవాయువు పీలుస్తారు. గది వెచ్చగా, తేమగా ఉంటుంది. ఇట్టి గదులలో చెవి, చర్మ వ్యాధులు చిరకాలంగా తెలిసినవే. తేమలో వర్ధిల్లే సూడోమోనాస్ బాక్టీరియా వీటికి ముఖ్యకారణం. నేరం ఒత్తిడిదా, తడిదా? వ్యాసకర్తలు అడగని ప్రశ్న ఇదే.

తొందరగా పైకి వస్తే, గోలీసోడా కొట్టినట్లు, శరీరంలో కరిగిన వాయువు బుడగలు కడుతుంది. ఆ బుడగలు తగిలి రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీనులు మేల్కొనడం, తెల్లకణాలు రేగడం ప్రయోగాలలో కనబడింది. ఇది నిరోధకశక్తి నశించడం కాదు, అక్కరలేని యుద్ధానికి దిగడం. అంతేకాదు, మానని కొన్ని పుండ్లకు వైద్యులు రోగిని 2, 3 వాతావరణాల పీడనంలో ఉంచి శుద్ధ ప్రాణవాయువు ఇస్తారు. అది చాలని పుండులో తెల్లకణాలు సూక్ష్మజీవులను సరిగా చంపలేవు. ఒత్తిడియే శత్రువైతే ఈ చికిత్స ఎందుకు? మోతాదు మించితే ప్రాణవాయువే విషమన్న మాటా నిజమే.

1939లో థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. ఆ పిమ్మట జె.బి.ఎస్. హాల్డేన్ పీడనపు గదిలో తానే కూర్చుని చలి, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, ప్రాణవాయువు ఏది ఏమి చేస్తుందో విడివిడిగా పరీక్షించారు. (1957లో ఆయన మన దేశానికి వచ్చి స్థిరపడ్డారు; పిఠాపురంవారైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులు.) ఆయన వెదికింది వ్యాధినిరోధకత కాదు. కాని కారణాలను విడదీయకుండా ఒక్క 'ఒత్తిడి' అనే మాటలో మూటకట్టడం ఆ పద్ధతికి విరుద్ధం.

'లోతుకు దిగేవాడు' అన్న మాటా సరిపోదు. 6000 మీటర్లకు పంపదలచిన మన 'మత్స్య 6000' వాహనంలో ముగ్గురు కూర్చునే టైటానియం గోళం లోపల ఉండేది మామూలు వాతావరణ పీడనమే. అంత లోతుకు పోయినా వారి రక్తానికి సముద్రపు బరువు తెలియదు.