లోకం ఎవరికి ముగిసింది?

ఫాంటసీ అంటే తీరికున్నోళ్ల సరదా అని మన విమర్శకులు పక్కన పెట్టేశారు. మేమూ అట్లే అనుకున్నాం. అమెరికా నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్ 2015లో రాసిన ‘ద ఫిఫ్త్ సీజన్’ను కోడుమూరులో కొందరం కలిసి, ఇంగ్లీషులోంచి నోటితో తెలుగు చేసుకుంటా చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం. ఈ నవలాత్రయంలోని మూడు భాగాలకూ 2016 నుంచి 2018 దాకా వరసగా హ్యూగో అవార్డులొచ్చాయి. మేం చదివింది అందుకోసం కాదు.

అదొక చచ్చిపోతున్న లోకం. నేల చీలుతుంది, బూడిద ఆకాశాన్ని కప్పేస్తుంది, ఏళ్ల తరబడి పంట ఉండదు. దాన్ని వాళ్లు ‘సీజన్’ అంటారు. మనం కరువంటాం. 1876-78 ధాత కరువు కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసినప్పుడు, కరువు పనికొచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు సర్ రిచర్డ్ టెంపుల్. ఎవరి కడుపుకెంతో లెక్కగట్టేవాళ్లు ఈ నవలలోనూ ఉన్నారు.

మమ్మల్ని నిలబెట్టింది భూకంపాలు కాదు, పేర్లు. అక్కడ మనిషి పేరు పక్కనే కులముంటుంది. ‘వాడుక కులం’ అని రచయిత్రే అంటుంది. కూతురికి తల్లిది, కొడుక్కి తండ్రిది. కథానాయిక ఎస్సున్‌ది ‘రెసిస్టెంట్’ కులం. అంటే కరువుకూ రోగానికీ తట్టుకునేవాళ్లు. సీజన్‌లో రోగుల్నీ శవాల్నీ చూసుకోవడం వాళ్ల పని. చావు కబురు మోసి, గుంత తవ్వి, చచ్చిన గొడ్డును ఈడ్చిన వాడకు ఇది కొత్త లోకమేం కాదు.

భూమిని కదిలించే శక్తి ఉన్న ఒరోజీన్లను జనం ‘రొగ్గ’ అని తిడతారు. అలబాస్టర్ అనే ఒరోజీన్ మర్యాద మాటను వదిలేసి, ఆ తిట్టునే పట్టుకుంటాడు. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మొదలైనాక, తిట్టుగా విన్న కులం పేరును తమ పేరు చివర తగిలించుకున్నవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

అయితే మా పేచీ ఇక్కడే. ఒరోజీన్ కోపమొస్తే నిజంగానే ఊరు చస్తుంది. జనం భయానికొక కారణముంది. వాడను చూసి ఊరు పక్కకు జరగడానికి ఏ కారణముంది? మన చేతులు లేకుంటే గడవదు, ఆ చేతులే అంటు! ఈ తేడా చూడకుండా ‘ఇది మన కథే’ అనడం తొందరపాటు. కాకపోతే ఒక అధ్యాయంలో నవలే తనను తాను సరిదిద్దుకుంటుంది. ఒరోజీన్ పిల్లల్ని కుర్చీకి కట్టి, బుర్ర మొద్దుబార్చి, భూమిని అదిమిపట్టే శక్తి ఒక్కటే మిగిల్చి వాడుకుంటున్నారని అక్కడ తెలుస్తుంది. భయం పైమాట, చాకిరీ అసలు మాట. పుస్తకం మొత్తంలో మేం రెండుసార్లు చదివింది ఆ పుటలే.

కన్నకొడుకును భర్తే కొట్టి చంపి కూతుర్ని తీసుకుపోతే, ఎస్సున్ వెతుక్కుంటా బూడిద దారిన దక్షిణానికి నడుస్తుంది. కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని పక్క సుగ్గికి పోయే కాలమొస్తే తలుపులకు తాళాలు పడతాయి. ముసలోళ్లు అరుగుల మీద మిగులుతారు, బడి పిల్లలు గుంటూరు మిరప చేలల్లో తేలతారు. మా చదువరుల్లో ఇద్దరు ఇప్పుడు అక్కడే ఉన్నారు. రెండో భాగం వాళ్లొచ్చాక మొదలుపెడతాం.