వానకు ముందటి పని

బోడినాయకనూరి ఏలకుల వేలములో నమూనా కాయలను అరచేత బోసికొని వర్ణమును బట్టి వెలగట్టువారికి, ఆ పచ్చదనము కొండమీద ఎట్టి అపాయమును దాటి వచ్చినదో తలచుటకు తీరిక యుండదు. బోడిమెట్టుకు ఆవలి తోటలలో ముసురు పట్టినంతనే, మొక్క మొదట నేలబారుగా సాగిన సరముల మీది లేతకాయలకు నీరూరినట్టి మచ్చలు తోచి, గోధుమవన్నెకు తిరిగి, దుర్గంధముతో రాలిపోవును. దీనిని తోటలవారందరును అళుగల్ అందురు. దీనికి మూలమైన ఫైటాఫ్తోరా మీడియైని రబ్బరు చెట్లపై గుర్తించి, 1918లో నామకరణము చేసినవాడు మాక్రే. నిజమునకిది శిలీంధ్రము కాదు; దీని కణకుడ్యమున సెల్యులోజు కలదు, దీని బీజములు రెండేసి కశాభములతో నీటిపొరలో ఈదును. అయినను శిలీంధ్రముల యుద్ధతంత్రమునే ఇదియు అవలంబించినది.

ఆ తంత్రము బలముకన్న వంచనపైనే ఆధారపడినది. 1845లో ఐర్లండును కరవు పాలుచేసిన బంగాళాదుంప తెగులు ఈ ప్రజాతిదే. మొక్క తన రక్షణకై స్రవించు ప్రోటీన్‌భంజక ఎంజైములను అది తాను స్రవించు ప్రోటీన్లతో స్తంభింపజేయును. అంతటితో ఆగక, మరికొన్నింటిని కణము లోపలికే పంపును. 2009లో దాని జన్యుపటము వెలువడినపుడు అట్టి ప్రోటీన్ల జన్యువులు అయిదువందలకు పైగా కనిపించినవి. తాను మరణించియైనను శత్రువును నిలువరింపదలచిన కణమును ఏవీఆర్3ఏ అను ప్రోటీను చావనీయదు. కొంతకాలము దానిని బ్రతికించి భుజించి, పిదపనే ఆ తెగులు దానిని చంపును. ఇంత క్రూరమైన నేర్పు ప్రకృతిలో మరియొకటి నేనెరుగను. టమాటా ఆకుబూజు శిలీంధ్రమైతే, తన ఉనికిని పట్టియిచ్చు కైటిన్ తునకలను ఈసీపీ6 అను ప్రోటీనుతో తానే మరుగుపరచును.

ఇట్లు మొక్కయే మోసపోయిన పిమ్మట మనము పైనుండి చల్లు మందు ఏమి చేయగలదు? బోర్డో మిశ్రమములోని రాగి ఆకుమీద, కాయమీద నిలిచి, చొరబడబోవు బీజమును చంపగలదే గాని లోనికి పోయినదానిని వెదకి పట్టజాలదు. కనుకనే మే మాసములో ఎండుమట్టలు తీసి, నీడకొమ్మలు నరికి, కాల్వలు తీర్చి, వానలకు ముందే మందు కొట్టవలెను. కిలో మైలుతుత్తమును ఏబది లీటర్ల నీటను, కిలో సున్నమును మరి ఏబది లీటర్లలోను కరగించి, తుత్తపు నీటిని సున్నపునీటిలో మెల్లగా పోయుచు కలుపుదురు. మా మామ అందులో మెరుగుకత్తి ముంచి తీసి, అలుగున ఎఱ్ఱని రాగిపూత కనబడిన ఇంకను సున్నము కలిపించెడివారు. కత్తి తెల్లగా వచ్చువరకు ఎంతటి తొందరలోనైనను పిచికారీ ముట్టనిచ్చెడివారు కారు. ఈ పరీక్షను మానుకొన్న తోటలు నేడు పెక్కు కనబడుచున్నవి. పొడి తూచియే పోసితిమి గదా అందురు, కాని నిలువయున్న సున్నపు బలము సంచి సంచికి మారునని మరతురు. నీడకొమ్మలు ఇంకను నరకనివారు ఈ వారమే ఆ పనికి పూనుకొందురుగాక.